ఫోన్ లేకపోతే మా బాబు ముద్ద మింగడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్ అమ్మ
మా బాబుకి మూడున్నరేళ్ళు. ఎదురుగా ఫోన్ లేకపోతే నోరు తెరవడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం, మూడు పూటలా అదే తంతు. స్టీలు చెంబుకి ఫోన్ ఆనించి మా అత్తయ్య ముద్దలు పెడతారు. వాడు తెర మీంచి కన్ను తిప్పకుండా నోరు తెరుస్తాడు, ముద్ద బుగ్గన పెట్టుకుంటాడు, ఇక అలాగే ఉండిపోతాడు. "మింగు నాన్నా" అని పదిసార్లు అనాలి. మధ్యలో యాడ్ వస్తే అప్పుడు ఉలిక్కిపడి మింగుతాడు. ఒక్కో పూట గంట పడుతోంది. నిన్న లెక్క వేశాను. తిండి దగ్గరే మూడు గంటలు, నేను ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు ఇంకో గంట.

మొన్న కరెంటు పోయి వైఫై ఆగిపోతే నేలకేసి తల కొట్టుకున్నాడు. అది చూసి నాకు చేతులు వణికాయి. మా ఆయనేమో ఒక్కసారిగా ఆపేద్దాం అంటారు. అత్తయ్య పిల్లాడు చిక్కిపోతాడు అంటారు. ఇది దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది ముందు చేయాలి?

కాకినాడ శ్రీ
మా ఇంట్లోనూ ఇదే. పాపకి రెండేళ్ళు. జవాబుల కోసం చూస్తుంటాను.

ఇద్దరమ్మాయిల నాన్న
మీ ఆయన మాటే కరెక్ట్. తిండి దగ్గర మాత్రం కొంచెం కొంచెంగా తగ్గించడం మావల్ల కాలేదు. పది నిమిషాలు ఇచ్చి ఆపితే పదకొండో నిమిషానికి యుద్ధం. పూర్తిగా తీసేశాకే కుదిరింది.

కానీ ఒక జాగ్రత్త. మొదటిసారి మేం రెండో రోజు రాత్రికి ఓడిపోయి ఇచ్చేశాం. మర్నాడు ఏడుపు రెట్టింపు. గంటన్నర ఏడిస్తే ఫోన్ వస్తుందని దానికి మేమే నేర్పినట్టయింది. రెండోసారి శుక్రవారం రాత్రి మొదలుపెట్టాం, శని ఆదివారాలు ఇద్దరం ఇంట్లో ఉంటాం కాబట్టి. మూడు రోజులు నరకం. నాలుగో రోజు మధ్యాహ్నం తనే వచ్చి "ఆకలి" అంది. పుట్టిన మూడేళ్ళలో ఆ మాట దాని నోట వినడం అదే మొదలు.

శారదత్త
అమ్మాయ్, ముందు ఒకటి చెప్పు. మధ్యమధ్యలో బిస్కెట్లు, పాలు ఎన్నిసార్లు పడుతున్నాయి? మా మనవడికి పొద్దున్నే పెద్ద గ్లాసు పాలు, పదకొండింటికి బిస్కెట్లు, మళ్ళీ జ్యూసు. ఇక పన్నెండున్నరకి అన్నం అంటే ఎక్కడ పడుతుంది? ఆకలి లేని పిల్లాడికి బొమ్మ చూపించి కుక్కుతున్నామన్నమాట. రెండు తిండ్లకి మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకు.

ఇంకోటి. అన్నం అలా బుగ్గన నిలవ ఉంటే పళ్ళు పుచ్చుతాయి. మా వాడికి నాలుగో ఏట రెండు దంతాలకి సిమెంటు పెట్టించాల్సి వచ్చింది. వాడి కంచం వాడికి ఇచ్చి కింద కూర్చోబెట్టు. పాత చీర ఒకటి పరిచేయి. సగం చీర మీదే పడుతుంది, పడనీ.

నైట్‌షిఫ్ట్
ఇద్దరమ్మాయిల నాన్న గారూ, శని ఆదివారాలు ఇద్దరు ఉన్న ఇల్లు కాబట్టి మీకు కుదిరింది. నేను నర్సుని. ఒక్కదాన్నే పాపని పెంచుతున్నాను. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొస్తాను. తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా నిద్రపోకపోతే ఆ రాత్రి వార్డులో ఇంజెక్షన్ మోతాదు తప్పు చదువుతాను. ఆ మూడు గంటలు తలుపు గడియ పెట్టి, పాప పక్కన టీవీ పెట్టి పడుకుంటాను. దీన్ని తప్పు అనేవాళ్ళు వచ్చి నా పాపని ఆ మూడు గంటలు చూసుకోండి.

కోపంతో రాయడం లేదు. ఇక్కడ చదివే తల్లుల్లో నాలాంటివాళ్ళు కూడా ఉంటారని గుర్తుచేస్తున్నాను.

పలుకు
నైట్‌షిఫ్ట్, మీరు రాసింది చాలా అవసరమైన మాట. నేను స్పీచ్ థెరపిస్టుని. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో సగం మంది కుర్చీలో కూర్చోకముందే ఏడుస్తారు, అంతా తామే చేశామని.

లెక్కలు అడుగుతారు కాబట్టి చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళ లోపు పిల్లల గురించి చెప్పింది: రెండేళ్ళ లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకు గంట మించొద్దు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా దాదాపు ఇదే చెప్తుంది. రెండేళ్ళ లోపు బంధువులతో వీడియో కాల్ తప్ప ఇంకేమీ వద్దంటుంది. ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపు.

నేను మాత్రం గంటలకంటే ముందు ఒకటి అడుగుతాను. బాబు రోజులో మీతో ఎన్నిసార్లు మాటకి మాట కలుపుతాడు? "అదేంటి?" అని వాడు అడగడం, "అది కాకి" అని మీరు అనడం, "కాకి ఏం తింటుంది?" అని వాడు మళ్ళీ అడగడం. మాటలు వచ్చేది ఇలాగే. ఫోన్ మాట్లాడుతుంది గానీ వాడు చెప్పింది వినదు. వీడియో కాల్‌లో తాతయ్య వింటాడు, జవాబు చెప్తాడు, అందుకే దాన్ని వేరుగా చూస్తారు.

నైట్‌షిఫ్ట్, మీ మూడు గంటల్లో ఒక గంట టీవీ, మిగతా రెండు గంటలు ఏదైనా పాటో కథో వినిపించే స్పీకరు పెట్టి చూడండి. బొమ్మ లేకుండా వింటూ పిల్లలు ఆడుకుంటారు.

మియాపూర్ అమ్మ
అందరికీ థాంక్స్. శారదత్త గారూ, మీరడిగాక లెక్కపెట్టాను. పాలు మూడుసార్లు, బిస్కెట్లు నాలుగుసార్లు. ఇంతకాలం నాకే తెలియలేదు. పలుకు గారూ, మా వాడు "సబ్‌స్క్రైబ్" అంటాడు, "లైక్" అంటాడు. "నాకు నీళ్ళు కావాలి" అని మొత్తం చెప్పడు, చెయ్యి పట్టుకుని లాగుతాడు. ఇది కూడా ఫోన్ వల్లేనా?

పలుకు
ఇక్కడి నుంచి చూడకుండా ఫోన్ వల్లే అని చెప్పలేను. ముందు వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో నీరు చేరినా మాట వెనకపడుతుంది. పిల్లల డాక్టర్‌కి "మూడున్నరేళ్ళు, మొత్తం వాక్యం చెప్పడు" అని ఇదే మాట చెప్పండి. పరీక్షకి, ఫోన్ మానిపించడానికి సంబంధం పెట్టుకోవద్దు. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

గోదావరి గట్టు
ఇంత కష్టం ఎందుకు. మా ఊళ్ళో అందరూ చెప్పేదే. ఫోన్ అటక మీద పెట్టేసి "కాకి ఎత్తుకుపోయింది" అనండి. మా చిన్నోడు రెండు రోజులు ఆకాశం చూసి ఊరుకున్నాడు.

ఇద్దరమ్మాయిల నాన్న
మాకు ఇది తిరగబడింది. బ్యాటరీ అయిపోయిందని చెప్పాం. మా చిన్నది ఛార్జర్ తెచ్చి చేతిలో పెట్టింది. పాడైపోయిందని చెప్పాం. అప్పుడే మా ఆఫీసు నుంచి ఫోన్ మోగింది. ఆ రోజు నుంచి మేం ఏది చెప్పినా నమ్మడం మానేసింది.

గోదావరి గట్టు
రింగు తీసేసి ఉంటే సరిపోయేది కదన్నా.

శారదత్త
వద్దు నాయనా. అబద్ధం చెప్తే వాడు రేపటి కోసం ఎదురుచూస్తాడు, కాకి తిరిగి తెస్తుందేమోనని. "అన్నం తినేటప్పుడు ఫోన్ ఉండదు" అని ఒకే మాట, ఒకే గొంతుతో, కోపం లేకుండా చెప్పాలి. ఇంట్లో అందరూ అదే మాట చెప్పాలి. తాతయ్య ఒకటి, నాన్న ఒకటి చెప్తే పిల్లలు కన్నం వెతుక్కుంటారు.

కళ్ళజోడు
నేను ఆప్టోమెట్రిస్టుని, విజయవాడలో. కళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

దగ్గరి వస్తువులే చూస్తూ, ఎండలోకి రాకుండా పెరిగే పిల్లల్లో కనుగుడ్డు పొడవుగా సాగుతుంది. దూరంగా ఉన్నవి మసక. దీన్నే మయోపియా అంటాం, మామూలుగా మైనస్ పవర్ అంటారు. సాగిన కనుగుడ్డు వెనక్కి రాదు. అద్దాలు చూపు సరిచేస్తాయి గానీ కన్ను పొడవుని తగ్గించవు. అందుకే చిన్న వయసులో రాకుండా చూసుకోవడం అంత ముఖ్యం.

తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలని రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే పథకం నడుపుతున్నారు. అంతకుముందు ఏటా దిగజారుతూ వచ్చిన పిల్లల చూపు ఆ తర్వాత మెరుగుపడింది. ఆ రెండు గంటలు పరుగెత్తాలని కూడా లేదు, పగటి వెలుగులో ఉంటే చాలు. చెట్టు కింద నీడలో ఉన్న వెలుగు కూడా గదిలో ట్యూబ్‌లైటుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఫోన్‌కన్నా టీవీ నయం, టీవీ దూరంగా ఉంటుంది కాబట్టి. ఇస్తే టీవీలోనే ఇవ్వండి. ఇంకోటి, తెర చూసేటప్పుడు పిల్లలు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. సాయంత్రానికి కళ్ళు నలుపుకుంటూ తిరుగుతుంటే అలర్జీ అని చుక్కల మందు కొనేముందు అది గమనించండి.

కాకినాడ శ్రీ
ఇస్తే టీవీలో ఇవ్వమన్నారు, ఇది నాకు కొత్త. అపార్ట్‌మెంటులో బయట అంటే ఎక్కడ? సెల్లార్‌లో కార్లు. మేడ మీద ట్యాంకులు.

కళ్ళజోడు
మేడ మీదే. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత. పిట్టగోడ ఎత్తు చూసుకుని, పెద్దవాళ్ళు పక్కన ఉండి. ఎండు మిరపకాయలు తిప్పే పని ఇచ్చినా గంట గడిచిపోతుంది, చేతులు మాత్రం వెంటనే కడగాలి.

మియాపూర్ అమ్మ
రెండో రోజు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టాం. నిన్న మధ్యాహ్నం కంచం విసిరేశాడు. రాత్రి రెండు ముద్దలు తిని పడుకున్నాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకూ ఏడుపొచ్చింది. ఇవ్వలేదు.

శారదత్త
రెండు ముద్దలు చాలు తల్లీ. రెండు రోజులు తక్కువ తిన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఏమీ కాదు. నీళ్ళు తాగుతున్నాడా, ఒంటికి సరిగ్గా పోస్తున్నాడా, అది చూసుకో. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడు. మనవడికి కడుపు నింపడమే ఆవిడకి తెలిసిన ప్రేమ. ఆ పని ఆవిడ చేతుల్లోంచి తీసేయకు, ఫోన్ ఒక్కటే తీసేయి.

డల్లాస్ నాన్న
ఈ మాట నాకు తగిలింది. మా అమ్మ ఇక్కడికి ఆరు నెలలకి వచ్చినప్పుడు నేను "అమ్మా, ఫోన్ ఇవ్వొద్దు" అని పదిసార్లు గట్టిగా అన్నాను. బయట చలి, కారు నడపలేదు, పక్కింటివాళ్ళ భాష రాదు. మనవడితో ఆవిడకి ఉన్న ఒకే దారి ఆ ఫోన్‌లోని తెలుగు పాటలు. నేను దాన్నీ లాక్కున్నాను. తర్వాత తెలిసొచ్చింది.

ఇప్పుడు అమ్మ ఊళ్ళో ఉంటుంది. శనివారం పొద్దున మాకు, అక్కడ రాత్రి. నాన్న నేల మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసి ఫోన్ పైనుంచి పెడతారు. ఇక్కడ కార్పెట్ మీద మావాడు అట్టముక్క మీద అదే గడులు గీసుకుంటాడు. గవ్వలు ఆయన వేస్తారు, పావులు ఇద్దరూ కదుపుతారు. ఎవరు తొండి చేశారని పెద్ద గొడవ. మావాడికి "చంపుడు", "పండింది" అనే మాటలు వచ్చాయి. ఆ గంటని స్క్రీన్ టైమ్‌లో కలపాలంటే నాకు మనసొప్పదు.

పలుకు
కలపొద్దు.

బడిపంతులు
పార్వతీపురం మన్యంలో పనిచేస్తున్నాను. చిన్నపిల్లల సంగతి బాగా చర్చించారు. పెద్ద తరగతుల పిల్లలకి ఫోన్ ఇస్తున్నది బడే కదా, ఆ మాట కూడా రావాలి. 2020లో కరోనాతో ఆన్‌లైన్ పాఠాలని అందరి చేతికీ ఫోన్ వచ్చింది. బడులు తెరిచాక తరగతి గదికి తిరిగొచ్చాం గానీ హోంవర్క్ మాత్రం వాట్సాప్ గ్రూపులోనే ఉండిపోయింది. పిల్లాడు "హోంవర్క్ చూసుకోవాలి" అంటే ఏ తల్లి కాదంటుంది? రెండు నిమిషాలు హోంవర్క్ చూస్తాడు, నలభై నిమిషాలు రీల్స్.

మా తరగతిలో మళ్ళీ బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. పిల్లలు డైరీలో దించుకోవాలి. అదనంగా పది నిమిషాలు పడుతుంది. మీటింగుకి వెళ్ళినప్పుడు మీ బడిలోనూ ఇదే అడగండి. ఒక్క తల్లి అడిగితే వదిలేస్తారు, పదిమంది అడిగితే ఆలోచిస్తారు.

పదో తరగతి తండ్రి
మాష్టారూ, మీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. నా సమస్య ఇంకా పెద్దది. అబ్బాయికి పదిహేనేళ్ళు. రాత్రి దుప్పటి కింద వెలుగు. ఒంటిగంటకి, రెండింటికి. పొద్దున లేవడు, క్లాసులో నిద్ర, మార్కులు పడిపోయాయి. ఒకసారి కోపంలో ఫోన్ లాక్కుని గోడకి కొట్టాను. వాడు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఫ్రెండు పాత ఫోన్ తెచ్చుకుని వాడుతున్నాడని తెలిసింది. అంటే నేను సాధించింది ఏమీ లేదు, వాడు దాచడం నేర్చుకున్నాడు.

ఆరు నెలల తర్వాత కూర్చుని అడిగాను, "ఏం చేద్దాం చెప్పు" అని. వాడు అన్న మాట: "నువ్వు కూడా పక్కలో ఫోన్ చూస్తూనే పడుకుంటావు కదా నాన్నా." నిజమే. అప్పటి నుంచి ఇంట్లో నాలుగు ఫోన్లూ రాత్రి పదింటికి ఫ్రిజ్ పక్కన ఛార్జింగుకి పెడుతున్నాం. నాదీ అక్కడే. అలారం సాకు పోవాలని బజార్లో మామూలు అలారం గడియారాలు రెండు కొన్నాను. మొదటి వారం నాకే నిద్ర పట్టలేదు. ఇప్పుడు వాడు పదకొండుకల్లా పడుకుంటున్నాడు. మార్కులు ఇంకా పెద్దగా మారలేదు. కానీ పొద్దున ఇద్దరం కలిసి టీ తాగుతున్నాం.

నైట్‌షిఫ్ట్
పదో తరగతి తండ్రి గారూ, నిద్ర సరిపడాక మార్కులకి సమయం పడుతుంది, ఆగండి. ఇది చదివే తల్లిదండ్రులకి ఒకటి చెప్పాలి. పిల్లలు తిండి, స్నానం, స్నేహితులు అన్నీ వదిలేసి ఆటలోనే ఉంటే, ఫోన్ తీసుకుంటే చచ్చిపోతానని అంటే, దాన్ని మొండితనం అనుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో ఇలాంటివాళ్ళ కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ అని ఒకటి నడుస్తోంది. వైద్యం ఉన్న సమస్య ఇది, సిగ్గుపడాల్సిన పని లేదు.

గోదావరి గట్టు
అటక మీద పెట్టిన ఫోన్ మావాడు కుర్చీ వేసుకుని దింపాడు ఇవాళ. కాకి గురించి అడుగుతున్నాడు. శారదత్త గారు చెప్పినట్టు నిజం చెప్పేశాను. కాసేపు అలిగాడు. పర్వాలేదు.

కాకినాడ శ్రీ
పాపకి రోజుకి ఒక్క అరగంట టీవీ అని మొదలుపెట్టాం. సమయం అవ్వగానే ఆపేస్తే గొడవ. కథ అయిపోయాక ఆపితే గొడవ తక్కువ, ఇది గమనించాను. యూట్యూబ్‌లో దానంతటదే ఇంకోటి మొదలవడం సెట్టింగ్స్‌లో ఆపేశాను. ఒకటి అయ్యాక తెర ఊరికే నిలబడిపోతుంది. అప్పుడు "అయిపోయింది, టాటా చెప్పు" అంటే చెప్తోంది! రిమోట్ బటన్ దానితోనే నొక్కిస్తున్నాను.

ఇద్దరమ్మాయిల నాన్న
బటన్ పిల్లలే నొక్కడం చాలా పెద్ద కిటుకు. పెద్ద పిల్లల ఫోన్‌కైతే ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ యాప్ పెట్టుకోవచ్చు, రోజుకి ఇంత అని, రాత్రి ఇన్నింటికి లాక్ అని. కానీ వాళ్ళకి చెప్పి పెట్టండి. దొంగచాటుగా పెడితే మాష్టారి క్లాసులో ఎవడో దాన్ని తీసేయడం నేర్పుతాడు.

బడిపంతులు
నేర్పుతారు. నా కళ్ళారా చూశాను.

మియాపూర్ అమ్మ
మూడు వారాలు అయింది, వివరంగా రాయాలనిపించింది.

ఐదో రోజు మధ్యాహ్నం. అత్తయ్య పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి కంచం అంచున చిన్న చిన్న ముద్దలు పెట్టారు, వరసగా ఏడు. "ఇది పిల్లి ముద్ద, ఇది పిల్లి వాళ్ళ నాన్న ముద్ద" అని కథ మొదలుపెట్టారు. బాబు దూరంగా గోడకి ఆనుకుని చూస్తున్నాడు. మూడో ముద్ద దగ్గర "పిల్లికి పెట్టకు, నాకు" అని వచ్చి తనే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. నాలుగో దానికి చెయ్యి చాపాడు. అత్తయ్య కథ ఆపకుండా నా వైపు చూశారు. ఇరవై నిమిషాల్లో భోజనం అయిపోయింది.

అన్ని పూటలూ ఇలా లేవు. జలుబు చేసినప్పుడు రెండు రోజులు మళ్ళీ గొడవ. పోయిన ఆదివారం పెళ్ళిలో పక్క పిల్లాడి ఫోన్ చూసి కదల్లేదు, ఆ పూట వదిలేశాం. నా ఆఫీసు కాల్ గంట ఇంకా టీవీయే, దానికి దారి దొరకలేదు. అన్నం దగ్గర నేనూ మా ఆయనా కూడా ఫోన్లు లోపల పెట్టి కూర్చుంటున్నాం.

వినికిడి పరీక్షలో అంతా బాగానే ఉంది. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపీ మొదలైంది. సాయంత్రాలు మేడ మీదకి వెళ్తున్నాం. మొన్న అమావాస్య. ఇదివరకు కనిపించిన చందమామ లేకపోయేసరికి చాలాసేపు వెతికి, "అమ్మా, చందమామకి ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు. మొత్తం వాక్యం. పలుకు గారూ, మీకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

పలుకు
ఇది చదివి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఈ వాక్యం తారీఖు వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి, థెరపిస్టుకి చూపించండి.

శారదత్త
మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మరి మధ్యాహ్నం పాలు మానిపించావా?

మియాపూర్ అమ్మ
పాలు రెండుసార్లకి తగ్గించాం. బిస్కెట్ల డబ్బా పై అరలోకి వెళ్ళింది.

నైట్‌షిఫ్ట్
స్పీకరు కొన్నాను. మొదటి గంట టీవీ, తర్వాత కథలు. పాప వింటూ బొమ్మలకి నీళ్ళు పోస్తోంది. నేను లేచేసరికి గది కాలువ అయింది గానీ మూడు గంటలూ నిద్రపోయాను.

మియాపూర్ అమ్మా, ఆ పిల్లి కథ మా పాపకి చెప్తున్నా. పిల్లి పేరేంటని ఒకటే గొడవ. మీ అత్తగారు ఏం పేరు పెట్టారు?

మియాపూర్ అమ్మ
పేరు మా వాడే పెడతాడు, పూటకొకటి. ఇవాళ మధ్యాహ్నం పిల్లి పేరు చారు.